ఒక్క గడి వెనక ఎన్ని దారులు: బస్తర్‌లో అచ్చు కాగితం మీద క్యూఆర్ కోడ్

ఛత్తీస్‌గఢ్ సర్కారు బడుల్లో పంచే పాఠ్యపుస్తకం తీసి చూస్తే, పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ళ చదరం ఒకటి ఉంటుంది. దాని కిందే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరక్షరాల కోడ్. ఫోన్‌లో కేంద్ర ప్రభుత్వపు దీక్ష యాప్ తెరిచి ఆ చదరం మీద కెమెరా పెడితే, ఆ పాఠానికి జతచేసిన వీడియోలు, అభ్యాస ప్రశ్నలు, వివరణలు వరసగా వచ్చి కూర్చుంటాయి. కెమెరా మొరాయిస్తే ఆ ఆరక్షరాలు టైపు చేసినా అదే చోటికి చేరుకోవచ్చు. కాగితం మీద తీసుకున్నది అంగుళం చోటు, దాని వెనక ఉన్నవి పది లింకులు. హైదరాబాద్‌లో పెళ్ళి శుభలేఖల మీద, విజయవాడలో బట్టల కొట్టు కరపత్రాల మీద మామూలైపోయిన ఈ పద్ధతి బస్తర్ లాంటి చోట ఎవరికి ఎంతవరకు అందుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది తీరిగ్గా చూడాల్సిన ప్రశ్న.

బస్తర్ ఇప్పుడు ఒక జిల్లా పేరు, ఏడు జిల్లాల డివిజన్ పేరు కూడా. ఒకప్పటి బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. 1998లో కాంకేర్, దంతెవాడ, 2007లో బీజాపూర్, నారాయణ్‌పూర్, 2012లో సుక్మా, కొండగావ్ విడిపోయాయి. తెలుగువాళ్ళకు ఇది పరాయి నేల కాదు. ఓరుగల్లు కూలిన తర్వాత ఇటు వచ్చిన అన్నమదేవుడి వంశమే ఇక్కడ రాజ్యం చేసింది. శబరి ఒడ్డున కుంట, ఇంద్రావతి దిగువన భోపాలపట్నం సంతల్లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖకు మోసే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం పుణ్యమా అని బచేలి, కిరండూల్ కాలనీల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వీటి చుట్టూ హల్బీ, భత్రీ, ధుర్వా, ప్రాంతానికో తీరుగా పలికే గోండీ, సుక్మా దక్షిణాన దోర్లీ. దోర్లలూ, గోదావరి ఇవతలి కోయలూ దగ్గరి చుట్టాలు. బడి పుస్తకం మాత్రం హిందీలో ఉంటుంది. అందుకే ఇక్కడ కాగితం మీద ఒక కోడ్ కనిపిస్తే, దాని వెనక ఎన్ని లింకులున్నాయని అడిగే ముందు ఎన్ని భాషలున్నాయని అడగాలి. ఈ వ్యాసం అడుగుతున్నదీ అదే.

ముందు ఆ గడి సంగతి. క్యూఆర్ కోడ్ 1994లో జపాన్‌లో, టయోటా గ్రూపుకు చెందిన డెన్సోలో పుట్టింది. కారు విడిభాగాల పెట్టె ఒక్కోదాని మీద బోలెడు బార్‌కోడ్లు స్కాన్ చేయలేక కార్మికులు అలిసిపోతుంటే, మసాహిరో హారా అనే ఇంజనీరు చిన్న జట్టుతో దీని మీద పనిచేశాడు. మూడు మూలల్లో కనిపించే చదరాలను ఎలా గీయాలో తేల్చుకోవడానికి ఆ జట్టు పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెల మీది అచ్చును పరిశీలించింది. అచ్చులో అతి అరుదుగా వచ్చే నలుపు తెలుపుల నిష్పత్తి 1:1:3:1:1 అని తేలింది. స్కానర్ దేన్ని చూసి దేన్ని అనుకుంటుందోనన్న భయం లేకుండా దాన్నే గుర్తుగా పెట్టుకున్నారు. పేటెంటు ఉన్నా ఎవరి దగ్గరా రుసుము వసూలు చేయలేదు. 2000లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. కోడ్‌ను గట్టి దిద్దుబాటు స్థాయిలో తయారుచేస్తే సుమారు 30 శాతం చెరిగిపోయినా చదవొచ్చు. వానాకాలంలో పంచాయతీ గోడ మీద నానిపోయే పోస్టరుకు ఇది చిన్న విషయం కాదు.

ఒకే కోడ్‌లో నాలుగైదు లింకులు కుక్కేద్దామన్న ఆలోచన కరపత్రం వేయించే ప్రతివాళ్ళకూ ఏదో ఒక రోజు వస్తుంది. కుదరక కాదు. అతి పెద్ద కోడ్‌లో 2,953 బైట్లు పడతాయి. అయితే లెక్క చూడాలి. అన్నీ పెద్దక్షరాల్లో రాసిన ముప్పై అక్షరాల పొట్టి లింకు ఒకటి, మధ్యస్థ దిద్దుబాటు స్థాయిలో, వరసకు 25 గళ్ళున్న కోడ్‌లో ఇమిడిపోతుంది. ఐదు లింకులు కలిసి 400 బైట్లయితే వరసకు 77 గళ్ళు కావాలి. రెండు సెంటీమీటర్ల చోటిస్తే మొదటి కోడ్‌లో ఒక్కో గడి 0.8 మిల్లీమీటర్లు, రెండో కోడ్‌లో 0.26 మిల్లీమీటర్లు. నున్నటి ఆర్ట్ పేపర్ మీద మంచి ఆఫ్‌సెట్ ప్రెస్సు దాన్నీ వేయగలదు. న్యూస్‌ప్రింట్ మీదనైతే సిరా పాకి గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. గీతలు పడ్డ కెమెరా ఉన్న చవక ఫోన్ ఆ ముద్దను పట్టుకోలేదు. ఒకవేళ పట్టుకున్నా, చాలా ఫోన్లు ఆ ఐదింటినీ విడివిడిగా నొక్కే లింకులుగా చూపించవు, వరస అక్షరాల మూటగా చూపిస్తాయి. అందుకే ఆచరణలో నిలిచిన పద్ధతి ఒక్కటే. కోడ్‌లో ఒక చిన్న లింకు ఉంటుంది, అది తెరిచే పేజీలో మిగతా లింకులన్నీ ఉంటాయి.

మధ్యలో ఉన్న ఆ పేజీ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న, దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. 2016లో మెల్‌బోర్న్‌లో మొదలైన లింక్‌ట్రీ లాంటి సేవలు నిమిషాల్లో అలాంటి పేజీ తయారుచేసి ఇస్తాయి. లింకును పొట్టి చేసే సేవలూ అలాంటివే. కాగితం అల్మరాలో పదేళ్ళుంటుంది, సేవ అన్నేళ్ళు ఉండకపోవచ్చు. గూగుల్ 2009లో తెచ్చిన గూ.జీఎల్ అనే పొట్టి లింకుల సేవ 2019 మార్చి తర్వాత కొత్త లింకులు ఇవ్వడం మానేసింది. వాడుకలో లేని పాత లింకులను 2025 ఆగస్టు 25 నుంచి ఆపేసింది. ఆ లింకులతో అచ్చయిన పుస్తకాలు, నివేదికలు ఎన్ని ఉంటాయో! జర్మనీలో హైంజ్ కంపెనీ కెచప్ సీసాల మీద 2012–14 మధ్య నడిపిన ఒక పోటీకి కోడ్ వేసింది. పోటీ అయిపోయాక ఆ వెబ్ చిరునామాను నిలుపుకోలేదు. 2015లో ఒకాయన తన బల్ల మీది సీసాను స్కాన్ చేస్తే అశ్లీల సైటు తెరుచుకుంది, కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మహిళా సంఘం తన చింతపండు ప్యాకెట్ మీద ఉచిత సేవ ఇచ్చిన కోడ్ వేసుకునే ముందు ఈ రెండు సంగతులూ తెలిసి ఉండాలి.

ఈ కోణంలో చూస్తే దీక్ష పద్ధతి మేలైనది. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దాన్ని ప్రారంభించారు. వేదిక కేంద్రానిది, లోపలి పాఠాలు ఆయా రాష్ట్రాలవి. పుస్తకం మీది కోడ్ మారదు. దాని వెనకున్న సామగ్రిని మాత్రం రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు, చేర్చుకోవచ్చు. పాత వీడియో తీసేసి కొత్తది పెట్టడానికి లక్షల పుస్తకాలు మళ్ళీ వేయనక్కర్లేదు. ఒకసారి దించుకున్న పాఠాన్ని నెట్ లేకుండా చూడొచ్చు, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు ఫైలుగా పంపొచ్చు. ఈ చివరి సదుపాయం హైదరాబాద్‌లో ఎవరికీ పట్టదు కానీ, నారాయణ్‌పూర్ లోపలి ఊళ్ళో అదే ప్రాణం.

పాఠ్యపుస్తకం మీద కోడ్ వేసే ఆలోచనకు దేశంలో గట్టి ఊపునిచ్చిన మనిషి రంజిత్‌సింహ్ డిసలే. మహారాష్ట్ర సోలాపూర్ జిల్లా పరితేవాడి బడిలో 2009లో ఉపాధ్యాయుడిగా చేరారు. కర్ణాటక సరిహద్దు ప్రాంతం కావడంతో పిల్లలు మాట్లాడేది కన్నడం, బడి పుస్తకం మరో భాషలో. ఆయన వాళ్ళ భాష నేర్చుకుని పాఠాలను అందులోకి మార్చి, ఆడియోలు, వీడియోలు, అభ్యాసాలు కోడ్ల వెనక పెట్టారు. 2017లో మహారాష్ట్ర అన్ని తరగతుల పుస్తకాల్లోకీ ఈ పద్ధతి తెచ్చింది. 2020లో ఆయనకు పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. సగం సొమ్ము తుది జాబితాలోని మిగతా తొమ్మిదిమందికి పంచేశారు. పత్రికలు కోడ్ గురించే ఎక్కువ రాశాయి. ఆ బడిలో పని జరిగింది అసలు భాష మారినందువల్ల. మారిన భాషను పిల్లల చేతికి చేర్చింది కోడ్. బస్తర్‌లో కోడ్ వచ్చేసింది, భాష ఇంకా రావాల్సి ఉంది.

రాలేదని పూర్తిగా అనడానికీ లేదు. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో గోండీ, హల్బీ, భత్రీ వంటి స్థానిక భాషల్లో బోధన మొదలుపెడతామని ప్రకటించింది. అంతకు ముందే సీజీనెట్ స్వర అనే పౌర వార్తా వేదిక ఆరు రాష్ట్రాల గోండులను కూర్చోబెట్టి వరసగా సమావేశాలు పెట్టి, 2018 నాటికి సుమారు మూడు వేల మాటల ఉమ్మడి గోండీ నిఘంటువు తెచ్చింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, ప్రథమ్ బుక్స్ తోడుతో పిల్లల కథలు నాలుగు వందల దాకా గోండీలోకి వచ్చాయి. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనే అనువాద యాప్ విడుదల చేసింది. అందులో తొలి నాలుగు భాషల్లో గోండీ ఒకటి, తయారుచేసిన బృందంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఉంది. కోడ్ల వెనక పెట్టడానికి సరుకు లేదని ఇప్పుడు ఎవరూ అనలేరు.

అయితే లిపి దగ్గర ఒక చిక్కుంది. నెట్ లేని చోట లింకు బదులు సమాచారాన్నే కోడ్‌లో పెట్టేయొచ్చు కదా అన్నది మంచి ఆలోచన. డాక్టరు చెప్పాల్సిన నాలుగు జాగ్రత్తలు, సంత రోజులు, అంబులెన్సు నంబరు కోడ్‌లోనే ఉంటే టవర్‌తో పనిలేదు. కానీ యూనికోడ్ సాధారణ పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు, దేనికది మూడేసి బైట్లు పడతాయి. ‘సుక్మా’ అని రాయడానికి 18 బైట్లు, ‘భద్రాచలం’ అనడానికి 24. దేవనాగరికీ ఇదే లెక్క. గోండీకి ఉన్న రెండు సొంత లిపులకు అక్షరానికి నాలుగేసి బైట్లు. మున్షీ మంగళ్ సింగ్ మసారం 1918లో రూపొందించిన లిపి 2017లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల రాతప్రతుల్లో దొరికిన లిపి 2018లో చేరింది. జయధీర్ తిరుమలరావు వంటివారి కృషి లేకపోతే ఆ రాతప్రతుల సంగతి లోకానికి తెలిసేది కాదు. అతి పెద్ద కోడ్‌లోనైనా తెలుగులో వెయ్యి గుర్తులకు లోపే ఇముడుతాయి, గోండీ లిపిలో ఏడు వందల పైచిలుకు. చేతి సైజు కోడ్‌లోనైతే రెండు మూడు వాక్యాలే. ఆ రెండు వాక్యాలు కాగితం మీదే అచ్చు వేసుకోవచ్చు, కోడ్ ఎందుకు? నెట్ లేని చోట కోడ్‌లో అక్షరాలు కుక్కడం వల్ల ఒరిగేది తక్కువ.

చదవడం రానివాళ్ళ మాటేమిటి? 2011 జనగణనలో బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతం దగ్గరే ఆగింది. ఇక్కడ కోడ్‌కు నిజంగా ఒక బలం ఉంది. వెబ్ చిరునామా టైపు చేయలేనివాళ్ళు కూడా కెమెరా పెట్టగలరు. చదువుకున్నవాడికీ చదువులేనివాడికీ ఆ గళ్ళు సమానంగా అర్థంకావు. గడప దాటగానే మాత్రం మళ్ళీ పాత గోడే. లింకుల పేజీ అంటే ఏమిటి? వరసగా ఎనిమిది పది పేర్లు, ఏది కావాలో చదివి నొక్కమనడం. ఒక్క లింకున్న కోడ్ నేరుగా పాటో మాటో వినిపించేది. పది లింకులున్న కోడ్ ముందు చదువు అడుగుతుంది. లింకులు ఎక్కువైతే సౌకర్యం ఎక్కువని పట్నంలో అనుకోవడం సహజం. దంతెవాడ సంతలో ఆ ఎక్కువే అడ్డం.

ఈ అడ్డం దాటిన నమూనా బస్తర్ ఎరిగినదే. శుభ్రాంశు చౌధురి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఒక ఫోన్ నంబరు మీద నడిచింది. మిస్డ్ కాల్ ఇస్తే అవతలి సర్వరే తిరిగి ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కితే తన సంగతి రికార్డు చేయొచ్చు, రెండు నొక్కితే ఇతరులవి వినొచ్చు. చేతిపంపు పాడైందనో, కూలి డబ్బులు రాలేదనో, బడికి మాస్టారు రావట్లేదనో గోండీలో, హల్బీలో, హిందీలో జనం చెప్పుకున్నారు. మీటల ఫోన్ చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు, అక్షరం రాకపోయినా పర్వాలేదు. లింకుల పేజీ చేసే పనినే అది గొంతుతో చేసింది. ఆ తర్వాత అదే బృందం నెట్ ఉన్న పంచాయతీలో కార్యక్రమాన్ని దించుకుని బ్లూటూత్‌తో ఫోన్ నుంచి ఫోన్‌కు పంచే బుల్టూ రేడియో నడిపింది. కోవిడ్ కాలంలో ఛత్తీస్‌గఢ్ విద్యాశాఖ 2020 ఏప్రిల్ 7న ‘పఢయీ తుంహర్ దువార్’ అనే పోర్టల్ తెచ్చింది. నెట్ లేని ఊళ్ళకు అది అందడం లేదని గ్రహించి, ‘బుల్టూ కే బోల్’ పేరుతో ఆడియో పాఠాలను సంతల దగ్గర బ్లూటూత్‌తో పంచే పద్ధతి కూడా పెట్టింది. వారానికోసారి పది ఊళ్ళ జనం ఒకచోట చేరే సంతను పాఠాలు దించుకునే కేంద్రంగా వాడుకోవడం ఎంత తెలివైన పనో చెప్పనలవి కాదు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు టవర్లు వచ్చేశాయి కదా అనవచ్చు. నిజమే, వస్తున్నాయి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో 2,343 చోట్ల ఉన్న 2జీ టవర్లను 4జీకి మార్చడానికి 2022 ఏప్రిల్‌లో కేంద్రం 2,426 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2024లో మొదలైన నియద్ నెల్లానార్ పథకం కింద భద్రతా శిబిరాల చుట్టుపక్కల ఊళ్ళకు రోడ్డు, రేషన్‌తో పాటు మొబైల్ సిగ్నల్ కూడా చేరుతోంది. అయినా సిగ్నల్ ఉండటం వేరు, పేజీ తెరుచుకోవడం వేరు. సెకనుకు వంద కిలోబిట్ల వేగం అందే చోట, బొమ్మలతో నిండిన రెండు మెగాబైట్ల లింకుల పేజీ తెరుచుకోవడానికి రెండున్నర నిమిషాల పైన పడుతుంది. అన్ని నిమిషాలు ఫోన్ పట్టుకుని ఎవరు నిలబడతారు? అదే పేజీని యాభై కిలోబైట్లలో తయారుచేస్తే నాలుగు సెకన్లు. పేజీ తయారుచేసే కుర్రాడు రాయపూర్‌లో ఫైబర్ నెట్ మీద చూసుకుని బాగుందనుకుంటే సరిపోదు.

బస్తర్ జనం గళ్ళ చదరాన్ని మొదట పుస్తకంలో కన్నా దుకాణంలోనే ఎక్కువగా చూశారు. పెద్దనోట్ల రద్దు తర్వాత దంతెవాడ జిల్లా పాల్నార్‌లో ఉచిత వైఫై పెట్టి, దుకాణదారులకు శిక్షణ ఇచ్చి, నగదు రహిత గ్రామంగా తీర్చిదిద్దారు. ఆ పనికి 2017లో జిల్లాకు ప్రధానమంత్రి పురస్కారం వచ్చింది. ఇప్పుడు జగదల్‌పూర్‌లో మిరపకాయ బజ్జీల బండి మీద కూడా చెల్లింపు కోడ్ ఉంది. దీనివల్ల ఒక అలవాటు పడింది. కోడ్ అంటే డబ్బు కట్టేది అని. సమాచారం కోసం వేసిన కోడ్‌ను చెల్లింపు యాప్‌తో స్కాన్ చేస్తే తప్పు కోడ్ అని చూపించి ఊరుకుంటుంది. చూసినవాళ్ళు కోడే పనిచేయట్లేదనుకుని వెళ్ళిపోతారు. డబ్బులు పోతాయేమోనన్న భయం మరో వైపు. ఆ భయం ఊహ కాదు. 2025 జనవరిలో పక్క రాష్ట్రం మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రికి రాత్రి అరడజను దుకాణాల కోడ్ల మీద మోసగాళ్ళు తమ కోడ్ అంటించి పోయారు. అమ్మకం సొమ్ము వాళ్ళ ఖాతాలకు వెళ్ళాక గానీ సంగతి బయటపడలేదు. గోడ మీద అతికించే కోడ్‌కు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పుస్తకం పేజీలో అక్షరాలతో కలిసి అచ్చయిన కోడ్‌కు చాలా తక్కువ. అచ్చు మాధ్యమానికి ఉన్న ఈ భద్రతను ఎవరూ పెద్దగా గుర్తించరు.

2025లో ఛత్తీస్‌గఢ్ పదకొండు వేలకు పైగా గ్రామ పంచాయతీల్లో ఉపాధి హామీ పనుల కోడ్ పెట్టింది. స్కాన్ చేస్తే ఆ ఊళ్ళో జరిగిన పనులు, వాటి ఖర్చు కనిపిస్తాయి. సర్పంచ్ గారినో కార్యదర్శినో అడిగి, వాళ్ళు చెప్పేదాకా కాచుకునే అవసరం లేకుండా ఊరి లెక్క ఊరి గోడ మీదికి వచ్చింది. కోడ్ల వాడకంలో బస్తర్‌కు ఇంతకన్నా విలువైన ఉదాహరణ దొరకదు. అంకెల పట్టికను చదివి వినిపించే మనిషి గ్రామసభలో ఒకరుంటే చాలు, మిగతా ప్రశ్నలు జనమే వేస్తారు.

చేతివృత్తుల సంగతి వేరు. కొండగావ్‌లో ఘడ్వా కళాకారులు చేసే ఢోక్రా ఇత్తడి బొమ్మ తయారీ చూసినవాళ్ళకు తెలుస్తుంది: మట్టి అచ్చు మీద మైనపు దారాలు చేత్తో చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాల్చితే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగించిన ఇత్తడి పోస్తారు. బొమ్మ తీయాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే, అందువల్ల ఒకదానిలా మరొకటి ఉండదు. బస్తర్ ఢోక్రాకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆదిలాబాద్ జిల్లా ఓజాల డోక్రాకూ 2018లో వచ్చింది. కొండగావ్ జయదేవ్ బఘేల్ లాంటి కళాకారులు ఈ పనిని దేశదేశాలకు తీసుకెళ్ళారు. హైదరాబాద్ మేళాలో ఆ బొమ్మ కొనేవాళ్ళ చేతికి వచ్చే కాగితపు చీటీ మీద ఒకే కోడ్ ఉండి, దాని వెనక తయారీ వీడియో, గుర్తింపు వివరం, చేసినవారితో నేరుగా మాట్లాడే దారి ఉంటే ఎంతో బాగుంటుంది. ఇక్కడ లింకులు ఎక్కువైనా ఇబ్బంది లేదు, ఎందుకంటే స్కాన్ చేసేది పట్నపు కొనుగోలుదారు. అయితే బొమ్మ బొమ్మకూ వేరే కోడ్ అచ్చు వేయించకపోతే, ఏ చేతి పనో తెలియని సాధారణ ప్రకటనగా అది మిగిలిపోతుంది. ఏ బొమ్మ ఎవరు చేశారో చెప్పని చీటీ, ఆ కళకు న్యాయం చేసినట్టు కాదు. సరుకుల లోకంలో ఈ దారి ఇప్పటికే పడుతోంది. బార్‌కోడ్ల సంస్థ జీఎస్1 తెచ్చిన డిజిటల్ లింక్ ప్రమాణంలో ఒకే కోడ్ దుకాణం గల్లాలో ధర చెబుతుంది, వినియోగదారుడి ఫోన్‌లో వివరాలు తెరుస్తుంది. 2027 చివరికి ప్రపంచమంతా దుకాణాలు దీనికి సిద్ధం కావాలని ఆ సంస్థ గడువు పెట్టుకుంది.

ఇన్ని అనుభవాలు పక్కపక్కన పెట్టుకుంటే బస్తర్‌లో అచ్చు వేసే కరపత్రం ఎలా ఉండాలో తెలుస్తుంది. కోడ్ పక్కనే అది డబ్బు కోడ్ కాదని చెప్పే బొమ్మ, వినేదైతే చెవి గుర్తు, చూసేదైతే తెర గుర్తు ఉండాలి. తెరుచుకునే పేజీలో మొదట అడగాల్సింది విషయం కాదు, భాష. గోండీ, హల్బీ, దోర్లీ, హిందీ, తెలుగు అని రాసి ఊరుకోకుండా, నొక్కగానే ఆ భాషలో ఒక గొంతు పలకరించాలి. ఆ తర్వాత మూడు నాలుగు దారులకు మించకూడదు. చిరునామా సర్కారుదో సంస్థ సొంతదో అయి ఉండాలి, పదేళ్ళు నిలబడాలి. కోడ్ కింద దీక్ష పుస్తకంలో లాగా చేత్తో కొట్టగల పొట్టి కోడ్, దాని పక్కన మిస్డ్ కాల్ నంబరు ఉంటే స్మార్ట్‌ఫోన్ లేని ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. కుటుంబంలో ఫోన్ ఒకటే అయి అది మగవాళ్ళ జేబులో ఉండే చోట ఈ నంబరు ఇంకా అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు 54 శాతమే.

2005 తర్వాత సల్వాజుడుం కల్లోలంలో ఊళ్ళొదిలి గోదావరి దాటి వచ్చిన ఆదివాసీ కుటుంబాలను తెలుగు పత్రికలు గొత్తికోయలు అని రాస్తాయి. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో వాళ్ళ గుంపులున్నాయి. వాళ్ళ పిల్లల భాష సుక్మాలో ఉన్నా తెలంగాణలోని చర్లలో ఉన్నా ఒకటే, పుస్తకం భాష మాత్రం అక్కడ హిందీ, ఇక్కడ తెలుగు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండువేల దశకం తొలి ఏళ్ళలోనే కోయ, గోండీ, కొలామీ, కువి, సవర వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టి వాచకాలు తయారుచేశారు. ఆ కోయ పాఠాలను దోర్ల పిల్లలు వింటే చాలా భాగం తమదే అనుకుంటారు. ఇప్పుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ పాఠ్యపుస్తకాలు మూడూ దీక్ష వేదిక మీదే ఉన్నాయి. సుక్మా పిల్లవాడి రెండో తరగతి గణితం పుస్తకంలో ఇప్పటికే అచ్చయి ఉన్న కోడ్ వెనక దోర్లీ లేదా కోయ ఆడియో చేర్చడానికి ఒక్క పేజీ కూడా మళ్ళీ వేయించనక్కర్లేదు. రాయపూర్, హైదరాబాద్ విద్యా మండళ్ళు కూర్చుని ఒప్పుకోవాలి, భద్రాచలం, కుంట ప్రాంతాల్లో ఆ భాష ఇంట్లో మాట్లాడే ఉపాధ్యాయుల చేత పాఠాలు చదివించి రికార్డు చేయించాలి. మొదటి రెండు తరగతుల గణితంతో, బొమ్మల పాఠాలతో మొదలుపెట్టినా, వచ్చే జూన్‌లో బడులు తెరిచేసరికి ఆ పాత కోడ్లే కొత్త భాషలో పలుకుతాయి.